జామచెట్టు మీద వల

షాదీపూర్‌లో వలలు బాగుచేసే మా మావయ్య పోయిన కబురు ఈ దీవుల్లోనే ఇంకో ఊరైన రంగత్‌లో ఉన్న నాకు ఫోన్‌లో వచ్చింది. "ఆ పురుగుల తాత చలా గయా" అంది పక్కింటి దీదీ. జీవితమంతా వాళ్ల వలల చిరుగులు కుట్టిన మనిషికి ఆ వాడలో మిగిలిన పేరు అది.

గొంగళిపురుగుల్ని పిట్టలు ఎత్తుకుపోకుండా మావయ్య పెరట్లోని జామచెట్టుకు పాత వల కప్పేవాడు. వాడంతా చేపలు పట్టేవాళ్లే. "సముద్రంలో సేపలైపోనాయేటి మావా, సెట్టుకేసినావు?" అని రోజూ ఎవడో ఒకడు. రోజుకో కొత్త మాటతో వెక్కిరించే తెలివి కూడా వాళ్లకి లేదు.

ఆ పురుగులు లావుగా, లేతాకుపచ్చగా, పైన పిండి చల్లినట్టు ఉండేవి. జామాకు, దాల్చినాకు తిని, ఆకు చుట్టుకుని గూడు కట్టుకునేవి. అందులోంచి వచ్చే చిమ్మట రెక్కలు విప్పితే నా రెండు అరచేతులూ చాలవు. ఎర్రమట్టి రంగు, మధ్యలో గాజుముక్కల్లాంటి మచ్చలు, రెక్కల కొసలు అచ్చం పాము తలలు. "ఇది మన దీవుల్దే. మెయిన్‌లాండ్‌లో దీని సుట్టాలుంటాయి గానీ, ఇది మాత్రం ఉండదు" అనేవాడు. ఒకసారి ఒక అటవీశాఖ ఆఫీసరు వచ్చి, జీపు దిగకుండానే, అక్కడివీ ఇక్కడివీ అన్నీ ఒకటేనని తేల్చేసి వెళ్లాడు. అంత చదువు ఎందుకో!

"రెక్కలొచ్చాక దీనికి తినడానికి నోరుండదమ్మా," అని నవ్వేవాడు మావయ్య. "మనోళ్లక్కూడా అలాగుంటే ఎంత సుఖం!"

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నాలుగు గూళ్లున్నాయి. వల తియ్యనీకమ్మా." అలాగే అన్నాను. అని, ఉద్యోగమంటూ రంగత్ బస్సెక్కేశాను.

పన్నెండో రోజుకి వచ్చేసరికి భోజనాల టెంటు కోసం జామకొమ్మలు నరికేశారు. వల మడిచి అరుగు మీద పెట్టారు. గూళ్లు ఏమయ్యాయని అడిగాను.

"పురుగు పట్టిన ఆకులు కదమ్మా, కాల్చేసినాం" అన్నాడు కులపెద్ద, పెద్ద ఉపకారం చేసినట్టు. వాళ్ల మీద అసహ్యమేసింది. మాటిచ్చి వెళ్లిపోయిన నా మీద అంతకంటే ఎక్కువ వేసింది.

వల విప్పి చూస్తే దాని కంతల్లో ఒక గూడు చిక్కుకుని ఉంది. వలను మోడు మీదే కప్పి పక్కన కూర్చున్నాను. కులపెద్ద లేచి మావయ్య ఎంత ప్రకృతి ప్రేమికుడో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటల మధ్యలోనే గూడు లోపల్నుంచి తడిసి, చివర విచ్చుకుని, ముడతల రెక్కలతో చిమ్మట బయటికొచ్చింది.

"మన మావే! మావే వచ్చినాడు!" కులపెద్ద చేతులు జోడించాడు. వెనకాల అందరూ జోడించారు.

"కాదు" అన్నాను. "దీనికి నోరుండదు. మా మావయ్యకి ఉండేది."

కాసేపటికి విస్తళ్లు వేశారు, అందరూ తిన్నారు. మావయ్య కుట్టిన వలను పట్టుకుని వేలాడుతూ అది రెక్కలు ఆరబెట్టుకుంటూనే ఉంది.