ఎనిమిదో కంప్యూటర్

ఆ గ్రంథాలయంలో కంప్యూటర్ల గదిని చూసుకునే ఆవిణ్ణి చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆవిడకన్నా పదిహేనేళ్ళు పెద్దవారైన రిటైర్డ్ బస్సు డ్రైవరుగారు కూడా అంతే. గదిలో ఎనిమిది పాత కంప్యూటర్లు, అన్నిట్లోనూ విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్. కొత్త ప్రోగ్రాం ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది ఇంజనీరుగారి దగ్గరుంటుంది. ఇంజనీరుగారు ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు.

అందుకే పెద్దక్కకి యాప్‌ఇమేజ్‌లంటే ప్రాణం. ప్రోగ్రాం మొత్తం ఒక్క ఫైల్లోనే ఉంటుంది. దించుకుని, నడవడానికి అనుమతిచ్చి, నొక్కితే చాలు, పాస్‌వర్డ్ ఊసే రాదు. కాకపోతే జనం దించిందే మళ్ళీ దించి, బొమ్మలు గీసే ప్రోగ్రామే పదకొండు కాపీలు పోగేశారు. వాటిని ఏరలేక పెద్దక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి చెల్లెలి కూతురు ఫోన్లో, "పెద్దమ్మా, వాటిని సర్దిపెట్టే యాప్ ఒకటుంది, పెట్టుకోరాదూ?" అంది. పెట్టుకుంది. కొత్త ఫైలు తెరవగానే ఆ యాపే ఒక మాట అడిగి దాన్ని ఒక ఫోల్డర్లో దాస్తుంది, తెర మీద నొక్కడానికి గుర్తు పెడుతుంది, కొత్త వెర్షన్ వస్తే పాతదాన్ని తీసేస్తుంది. ఇలాంటి మనిషి ఇంట్లో ఒక్కరున్నా బాగుండునని పెద్దక్క నెలరోజులు కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది.

ఇంతలో పిడుగులాంటి వార్త. ఈ గది ఎవరికీ పనికిరావడం లేదని, వరండాలో పడున్న పాత పత్రికలు పెట్టుకోవడానికి వాడుకుందామని గ్రంథాలయ కమిటీ అనుకుంటోందట. శనివారం పదింటికి కార్యదర్శిగారే చూసి తేలుస్తారట.

సరిగ్గా ఆ పొద్దున్నే ఎనిమిదో కంప్యూటర్ రిపేరు నుంచి ఖాళీగా వచ్చింది. సర్దే యాప్ ఒక్కటీ పెట్టేసరికి ఇంటర్నెట్ మొరాయించింది. పెద్దక్క ఏడోదాని తెరమీది గుర్తులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగి, గబగబా ఎనిమిదోదాంట్లో పడేసింది.

కార్యదర్శిగారు వచ్చి, ఉన్నవన్నీ వదిలేసి దాని ముందే నిలబడ్డారు. పెద్దక్క ఒక గుర్తు నొక్కింది. తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కింది. ఊహూఁ.

"ఏమ్మా, పనిచేయవా?"

"చేస్తాయండీ... అంటే..." పెద్దక్క మూడో గుర్తు నొక్కింది.

పక్క కుర్చీలోంచి డ్రైవరుగారు తొంగిచూసి పకపకా నవ్వారు. "పెద్దక్కా, నువ్వు పట్టుకొచ్చింది గుమ్మానికున్న పేరుపలకమ్మా! మనిషి ఏడో ఇంట్లోనే ఉండిపోయాడు."

ఆయన ఏడోదాంట్లో సర్దే యాప్ తెరిచి, అసలు ఫైళ్ళు ఏ ఫోల్డర్లో ఉన్నాయో వెతికి పెన్‌డ్రైవ్‌లోకి తీశారు. పెద్దక్క మౌస్ అందుకోబోతే, మూడో కంప్యూటర్లో జాకెట్ల కొలతలు గీసుకుంటున్న దర్జీ ఆవిడ లేచొచ్చి, "మీరు కూర్చోండక్కా" అని తనే వాటిని ఎనిమిదోదాంట్లోకి దించి అనుమతులిచ్చింది. సర్దే యాప్ "దీన్ని చేర్చమంటారా?" అని అడిగిన ప్రతిసారీ గదంతా "ఆఁ" అంది. పది నిమిషాల్లో ఎనిమిదో తెర కళకళలాడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం పెద్దక్కకి అలవాటు లేదు. కానీ అంత సంతోషం ఆవిడకి ఎన్నడూ కలగలేదు, కళ్ళు తుడుచుకుంది కూడా.

"వీళ్ళంతా ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు కార్యదర్శిగారు.

"ఇంకెక్కడండీ, ఇక్కడే," అంది పెద్దక్క.

ఆయన కాసేపు గదంతా చూశారు. "పత్రికలు వరండాలోనే ఉంటాయిలెండి," అని గొంతు తగ్గించి, "పాత ఫోటోలు బాగుచేసేది ఏదైనా ఉంటే నాకూ ఒకటి పెట్టివ్వండి," అన్నారు.

డ్రైవరుగారు కుర్చీ లాగారు. "పెట్టివ్వడం ఈ గదిలో లేదండీ. కూర్చోండి, మీరే పెట్టుకోవాలి."