చప్పుడు కాకుండా దించే పిల్ల

బరంపురంలో మా పెరటి గోడకు అవతల పక్కింటి అమ్మాయి బరువులెత్తేది. తలకు స్కార్ఫు, మణికట్టు దాకా చేతుల చొక్కా. ఎత్తడం అందరూ ఎత్తినట్టే. దించడమే వింత. నిద్రపోయిన పసిబిడ్డను పక్క మీద పడుకోబెట్టినట్టు దించేది.

ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"మా దాదీ ఒప్పుకుందే ఆ షరతు మీద అక్కా. ఎంతైనా ఎత్తుకో, సప్పుడు మాత్రం వీధిలోకి ఎల్లకూడదంది."

ముస్లిం ఆడపిల్లకి ఇదేటని నలుగురూ అంటారని ఆ నానమ్మ భయం.

జాతీయ పోటీలు వాళ్లింట్లోనే టీవీలో చూశాం. మిగతా అమ్మాయిలు ఎత్తిన బరువును దభీమని వదిలేస్తున్నారు. ఈమె బంగారు పతకం తెచ్చిన బరువును కూడా మెల్లగా నేలకు ఆనించింది. వ్యాఖ్యాత ఆ నిగ్రహాన్ని తెగ మెచ్చుకున్నాడు. దాదీ మాత్రం మూసి ఉన్న వీధి తలుపుల వైపు చూసింది.

మనవరాలు పతకంతో ఇంటికొచ్చిన రోజు దాదీ వీధి తలుపులు రెండూ తెరిచింది. ఉర్దూలో కాదు, మా వీధికంతా అర్థమయ్యేలా తెలుగులో కేకేసింది.

"ఎత్తు. ఈసారి పడేయ్. అందరూ ఇనాల."

పడేసింది. మా గోడకు పెచ్చు ఊడింది. తాపీమేస్త్రీని పిలుస్తానని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నేనే వద్దంటున్నాను.