నెత్తికి రుద్దిన వేలు

మా వైపు రేషన్ బియ్యం కావాలంటే ముందు వేలిని నెత్తికి రుద్దుకోవాలి. ఇది ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ లేదు. అయినా దొరవారిసత్రం నుంచి పులికాట్ ఒడ్డు దాకా ఏ రేషన్ కొట్టు ముందైనా నిలబడి చూడండి. కార్డు పట్టుకున్న ప్రతి మనిషీ తన వంతు రాగానే బొటనవేలిని పాపిట్లో రెండుసార్లు రుద్ది, అంటిన కొబ్బరినూనెతో సహా వేలిముద్ర యంత్రం మీద ఒత్తుతాడు. సగం మందికి పడుతుంది. పడనివాళ్లు ఇంకా గట్టిగా రుద్దుతారు. బట్టతల ఉన్న ఒక పెద్దాయన పక్కవాడి జుట్టు వాడుకోవడం నేను కళ్లారా చూశాను. పక్కవాడు తల కాస్త వంచి సహకరించాడు కూడా. మా మండలంలో సోదరభావం అనేది నేను చూసింది ఆ ఒక్కసారే.

మా ఇంట్లో ముగ్గురం. యంత్రానికి నచ్చింది మాత్రం ఒక్క నాయన చేయి. అమ్మ షెడ్డులో ఐసు రొయ్యలు ఒలుస్తుంది కాబట్టి ఆమె వేళ్లను మనిషి వేళ్లుగా గుర్తించడం యంత్రం ఎప్పుడో మానేసింది. నేను మా రెండు కౌలు గుంటల్లో సున్నం చల్లుతాను. రొయ్యల గుంట నీళ్లు పాడవకుండా సున్నం, బ్లీచింగ్ వేస్తూనే ఉండాలి. చేతికి తొడుగులు వేసుకోమని బస్తా మీద బొమ్మ ఉంటుంది. బొమ్మ చాలా బాగుంటుంది. దాన్ని చూస్తూ ఒట్టి చేతుల్తో చల్లుతాం. ఏళ్ల తరబడి అట్లా చల్లితే వేళ్ల కొసలు కొత్త సబ్బుబిళ్లలా నున్నగా తయారవుతాయి. నాయన చూసేది మేత, మోటార్లు. అందుకే ఆయన బొటనవేలు మా ఇంటి అధికారిక వేలు. నెలకొకసారి దానికి స్నానం చేయించి కొట్టుకు పంపుతాం.

ఇట్లాంటి చేతులు పెట్టుకుని నేను విదేశీ పర్మిట్‌కు దరఖాస్తు చేశాను.

ఉద్యోగం ఉత్తరాన ఒక చలిదేశంలో, చేపలు కోసే ఫ్యాక్టరీలో. సముద్రం పక్కన పుట్టి, సముద్రం దాటి వెళ్లి, ఇంకో సముద్రం పక్కన చేపలు కోయడం. దీన్ని మా బంధువులు అభివృద్ధి అన్నారు. పర్మిట్ తొమ్మిది నెలలకు. మా అమ్మ నన్ను మోసింది కూడా అంతకాలమే, అప్పుడు ఒక్క కాగితమూ అడగలేదు.

ఏజెంటు ఆఫీసు సూళ్లూరుపేటలో, జెరాక్స్ కొట్టు పైన. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడి చేయి ఇచ్చాడు. అంత మర్యాద నాకు అంతకుముందు ఎక్కడా జరగలేదు కాబట్టి అప్పుడే అనుమానం రావాల్సింది.

"తమ్ముడూ, నీకు రొయ్యల్లో అనుభవం ఉండాది గదా, వాళ్లకి నీలాంటోళ్లే కావాల. నువ్వు ఇంక పోయినట్టే లెక్క" అన్నాడు.

"పోయినట్టే అనబాకన్నా, మా అమ్మ వింటే ఏడస్తాది" అన్నాను.

ఆయన నవ్వలేదు. దరఖాస్తు తీశాడు. పదిహేడు పేజీలు. నేను ఎప్పుడైనా ప్రభుత్వాన్ని కూలదోయడానికి ప్రయత్నించానా అని ఒక ప్రశ్న. యుద్ధనేరాలు చేశానా అని ఇంకొకటి. మా ఊళ్లో వీధిదీపం వేయించుకోవడానికే మూడేళ్లు తిరిగిన మనిషిని నేను. వాళ్లు నా శక్తిని ఎంత గౌరవిస్తున్నారో చూసి మొదటిసారి నామీద నాకే నమ్మకం కలిగింది. అన్నిటికీ "లేదు" అని పెట్టించాడు ఏజెంటు. ఫోటోలో నవ్వకూడదన్నాడు, చెవులు రెండూ కనిపించాలన్నాడు. ఆ ఫోటోలో నన్ను చూస్తే నిజంగానే ఏదో యుద్ధనేరం చేసినవాడిలా ఉన్నాను.

కాగితాలన్నీ దాటాక మిగిలింది చెన్నైలో వేలిముద్రలు. సూళ్లూరుపేటలో పొద్దున లోకల్ రైలు ఎక్కాను. అమ్మ నా తలకు మామూలుకంటే రెండింతలు నూనె పట్టించి, దువ్వి పంపింది. విదేశం పోయే మనిషి జుట్టు చెదరకూడదట. ఆ నూనె సంగతి గుర్తుపెట్టుకోండి.

వీసా సెంటర్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, ఆ దేశానికి ముందుగానే అలవాటు చేస్తున్నారనుకున్నాను. కౌంటర్లో ఒక కుర్ర గుమాస్తా. నాలుగు వేళ్లు అద్దం మీద పెట్టమన్నాడు. పెట్టాను. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు. మూడోసారి నా చేయి నన్ను అడక్కుండానే పైకి లేచి నెత్తికి పోయింది. నాలుగు వేళ్లూ గట్టిగా రుద్ది, నమ్మకంగా ఒత్తాను. ఈసారి లైటు మరింత ఎర్రగా వెలిగినట్టు అనిపించింది. గుమాస్తా స్క్రీను నావైపు తిప్పాడు. నా వేళ్లు ఉండాల్సిన చోట నాలుగు ఇడ్లీలు ఉన్నాయి.

"మీకు గీతలు లేవు సార్" అన్నాడు, మీకు టోకెన్ లేదు అన్నంత తేలిగ్గా.

నెల లోపల ఇంకొక్కసారి రావచ్చనీ, అప్పుడూ పడకపోతే దరఖాస్తు మూసేస్తామనీ, నా చోటు జాబితాలో తరువాతివాడికి పోతుందనీ ఒక చీటీ ఇచ్చాడు. తలుపు దగ్గర సెక్యూరిటీ ఆయన, "ఏమాయె?" అని అడిగాడు. "నేను లేనంట" అని చెప్పి బయటికొచ్చాను.

రైల్లోంచే సంగతి చెప్పాను కాబట్టి, ఇంటికొచ్చేసరికి ఏజెంటు ఫోన్లో నాయనకు పథ్యం చెప్పేసి ఉన్నాడు. మూడు వారాలు సున్నం ముట్టకూడదు, ఉప్పునీళ్లలో చేయి పెట్టకూడదు, పొద్దునా సాయంత్రం వేళ్లకు క్రీము రాయాలి. గీతలు మొలుస్తాయి. వరినారు సంగతి చెప్పినట్టు చెప్పాడట.

అప్పటినుంచి మా ఇంట్లో నా చేతులకు జరిగిన మర్యాద నాకెప్పుడూ జరగలేదు. అమ్మ అన్నం కలిపి స్పూను వేసి ఇచ్చేది. నేను గ్లాసు కడగబోతే, "పెట్టు కింద! గీతలు పోతాయి" అని అరిచేది. రెండు చేతులకూ క్రీము రాసి, ప్లాస్టిక్ కవర్లు తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసేది. అరుగు మీద కూర్చుంటే పార్సిల్ కట్టి ఎవరో మర్చిపోయినవాడిలా ఉండేవాణ్ణి. దారిన పోయేవాళ్లు ఆగి చేయి పట్టుకుని వెలుతురులో పెట్టి చూసేవారు.

"చూపుడేలికి వచ్చినట్టుండాదబ్బయా."

"అది గీత కాదు పెద్దమ్మా, చేప ముల్లు గీరుకుంది."

"ఏదో ఒకటి. వచ్చింది గదా."

ఒకామె నా అరచేయి చూసి విదేశీయోగం ఉందని కూడా తేల్చింది. అరచేతిలో యోగం ఉంది, వేళ్ల కొసల్లో పర్మిట్ లేదు. రెండూ ఒకే చేతిలో ఉండి కూడా ఒకదానికొకటి కబురు పెట్టుకోలేదు.

సున్నం మాత్రం గుంటకు పడాల్సిందే. రొయ్యలకు నా వీసా సంగతి తెలియదు. నాయన పంచె ఎగగట్టి తట్ట అందుకున్నాడు. కూలిమనిషిని పెడదామన్నాను.

"మూడు వారాలకి మనిషి ఎందుకురా? నాకేమన్నా చేతులు అరిగిపోతాయా?" అన్నాడు.

"అరిగేది చేతులే నాయనా. కనీసం తొడుగులన్నా ఏసుకో."

"నువ్వు ఏసుకున్నావా?"

నేను కవర్లు తొడుక్కున్న రెండు చేతులతో గట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఆయన నాకంటే బాగా చల్లాడు. గాలివాటం చూసుకుని, గుప్పెడు గుప్పెడు, ఒక్క చోటా గడ్డ పడకుండా. రెండోవారం రాత పని ఏదో పడి పెన్ను పట్టుకోబోయి వదిలేశాడు. వేళ్లు మండుతున్నాయా అని అడిగితే, "పెన్ను బాలేదు" అన్నాడు.

నెల దాటకుండా మళ్లీ చెన్నై పోయాను. ఈసారీ అమ్మ నూనె పట్టించింది. ఈసారి కౌంటర్లో కళ్లజోడు పెట్టుకున్న నడివయసు ఆవిడ. చేతులు చూపించమంది. ఇరవై ఒక్క రోజులు పెంచిన పంట కదా, గర్వంగా చూపించాను. అద్దం మీద పెట్టాను. ఎర్ర లైటు. చేయి మళ్లీ దానంతటది నెత్తి వైపు లేచింది.

"సార్! ఎందుకు తల ముట్టుకుంటా ఉండారు?"

"అలవాటు మేడమ్. రేషను..."

"ఆంధ్రా వాళ్లు అందరూ ఇదే చేస్తారు. తలలో నూనె తెచ్చి నా మెషిన్‌కి పూస్తారు, తర్వాత ముద్ర రాలేదని ఏడుస్తారు."

ఆవిడ తడి టిష్యూతో నా వేళ్లు ఒక్కొక్కటీ తుడిచింది. పొడి టిష్యూతో అద్దం తుడిచింది. పెట్టమంది. పచ్చ లైటు. ఎడమ చేయి, పచ్చ లైటు. బొటనవేళ్లు రెండూ, పచ్చ లైటు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. స్క్రీను మీద నా పది వేళ్లూ చక్కగా దున్నిన మడుల్లా ఉన్నాయి.

నేను లేవలేదు. "మేడమ్, ఒకటి అడుగుతా. పోయినసారి పడలేదు. అప్పుడు గీతలు లేకనా, నూనె ఉండబట్టా?"

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "అది నాకెట్లా తెలుస్తుంది సార్? ఇప్పుడు మెషిన్ తీసుకుంది. నెక్స్ట్."

తిరుగు రైలు సూళ్లూరుపేట చేరేదాకా ఆ ప్రశ్నే తిప్పుతూ కూర్చున్నాను. మూడు వారాల క్రీమా, ఒక టిష్యూ ముక్కా? అమ్మ స్పూనూ, ప్లాస్టిక్ కవర్లూ, గట్టు మీద నాయనా, అన్నీ అవసరమయ్యే జరిగాయా, లేక ఆ కుర్ర గుమాస్తాకు గుడ్డ పట్టే ఓపిక లేక జరిగాయా? ఇంట్లో మాత్రం, "గీతలు మొలిచినాయి" అని చెప్పాను. అమ్మ క్రీము డబ్బాను దేవుడి పటం దగ్గర పెట్టింది. ఏజెంటు ఫోన్ చేసి, "నేను చెప్పలా?" అన్నాడు.

పర్మిట్ వచ్చిందని మెసేజ్ పడిన వారమే రేషన్ రోజు. నాయన, నేను సంచులు పట్టుకుని పోయాం. డీలరు వరస చూసుకుని నాయనను పిలిచాడు. నాయన వేలు పెట్టాడు. యంత్రం కూసింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ కూసింది. వెనక వరసలో ఒకాయన, "ఏందయ్యా, నీది కూడా పోయిందా?" అన్నాడు. మా ఇంటి అధికారిక వేలు చుట్టుపక్కల అంత పేరున్నది మరి. ఆయన వేలి కొస నాకు కనబడుతూనే ఉంది. సున్నం తిన్న గోడలా తెల్లగా పొరలు లేచి ఉంది.

"నువ్వు పెట్టబ్బయా, నీకు మొలిచినాయంట గదా" అన్నాడు డీలరు.

నా వేలు ప్యాంటుకు తుడుచుకుని పెట్టాను. ఒక్కసారికే పడింది. వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. డీలరు బియ్యం తూస్తూ, "బానే ఉండాది. నువ్వు పోతే వచ్చే నెల ఎవురు పెడతారు మరి?" అన్నాడు.

నేను ఏదో జోకు కోసం వెతుక్కున్నాను. ఆ సమయానికి ఒక్కటీ తగల్లేదు. నాయనే అందుకున్నాడు.

"ఏముండాది? వీడు పోయినాక నేను మూడు వారాలు కవర్లు ఏసుకోని అరుగు మీద కూసుంటా. వీణ్ణి చూసి నేర్చుకున్నాలే."

అందరూ నవ్వారు. ఆ మూడు వారాలు సున్నం ఎవరు చల్లుతారని మాత్రం ఎవరూ అడగలేదు, నాతో సహా.

నేను సంచి మూతి కడుతుంటే నాయన మళ్లీ యంత్రం దగ్గరికి పోయాడు. "ఉండబ్బా, ఇంకొక్కసారి చూస్తా, ఎందుకు పడదో" అంటూ బొటనవేలిని నెత్తికి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. రుద్దొద్దు, తుడుచుకో నాయనా అని నోటిదాకా వచ్చింది. ఆ మాట చెబితే, అది నాకు ఎక్కడ తెలిసిందో, ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాలి. బియ్యం సంచి భుజాన ఎత్తుకుని, ఆయన రుద్దడం అయ్యేదాకా పక్కన నిలబడ్డాను.