సుగుణ మేడం గీసిన అడ్డగీతలు

నిన్న సాయంత్రం క్లాస్ గ్రూప్‌లో సుగుణ మేడం ఫోటో వచ్చింది. చుట్టూ పూలు.

పుట్టినరోజేమో అనుకున్నాను. కింద రాసింది చదివాను.

మళ్ళీ చదివాను.

చిత్తూరు రైలు కోసం పాకాల స్టేషన్‌లో వంతెన మెట్లు ఎక్కుతూ కూలిపోయారట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందట.

నలభై దాటి ఎంతో కాలం కాలేదు.

మేడం తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మాకు మ్యాథ్స్ చెప్పారు. తిరుపతిలో మా కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ. రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చేవారు.

డబుల్ ఇంటిగ్రల్స్ అంటే మాకు భయం. దీర్ఘచతురస్రం మీదైతే నాలుగు అంకెలు వేసి లెక్క కట్టేసేవాళ్ళం. త్రిభుజమో వంపు గీతో వస్తే పెన్ను కింద పెట్టేసేవాళ్ళం.

మేడం బోర్డు మీద ఒక త్రిభుజం గీశారు. దాని వాలు గీత మీద చిన్న చిన్న అడ్డగీతలు పెట్టారు.

"ఇది మా నాయన చేను. ఈ వాలు గీత రైలు పట్టాలు. చేను మధ్యలో ఏటవాలుగా పోయినాయి, మాకు ఈ ముక్క మిగిలింది. ఇప్పుడు దీన్ని దున్నాల. ట్రాక్టర్ ఎట్ల తోలతారో చెప్పండి."

నిలువుగా తోలితే ప్రతి సాలూ కింది గట్టు దగ్గర మొదలై పట్టాల దగ్గర ఆగుతుంది. అడ్డంగా తోలితే పట్టాల దగ్గర మొదలై అవతలి గట్టు దగ్గర ఆగుతుంది. చేను అదే. దిక్కు మారింది కాబట్టి సాలు మొదలూ చివరా మారాయి. dx, dy వరస మార్చినప్పుడు హద్దులు కొత్తగా రాసుకోవాలి అన్న మాట నాకు ఆ రోజు అర్థమైంది.

అర్థమయ్యాక కూడా ఒకసారి తప్పు చేశాను. వరస మార్చి పాత హద్దులే ఉంచేశాను. మేడం నా పేపర్ పైకెత్తి చూశారు.

"ఏమ్మే, నీ ట్రాక్టర్ యాడికి పోతా ఉండాది? పట్టాల మింద ఎక్కించేసినావే! ప్యాసింజర్ వచ్చే టైము, దిగి దూకు!"

క్లాసంతా నవ్వింది. కాన్వెంట్ చదువంతా నోరు తెరవకుండా గడిపిన నేను కూడా నవ్వాను.

ఇంటర్నల్ పరీక్షలో అదే త్రిభుజం వచ్చింది.

ఆ లెక్క హెచ్‌ఓడీ గారు రాసిన మెటీరియల్‌లో ఉంది. అందులో వరస మార్చారు, హద్దులు మార్చలేదు. చివరికి ఒక అంకె రావాల్సిన చోట x అలాగే మిగిలిపోయింది. అదే కీ. మెటీరియల్ బట్టీ పట్టినవాళ్ళకి పూర్తి మార్కులు, మేడంలాగే అడ్డగీతలతో బొమ్మ గీసి సరిగ్గా చేసినవాళ్ళకి సున్నా.

మేడం నా పేపర్ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్ళారు.

"సార్, జవాబులో ఎక్స్ మిగిలింది. పాకాలకి టికెట్ ఎంత అంటే కండక్టరు ఎక్స్ రూపాయలు అంటాడా? ఈ పాప చేసింది సూడండి, బొమ్మ గీసి చేసినాది."

ఆయన చూడలేదు.

"బొమ్మలు గీసేదానికి ఇదేమన్నా డ్రాయింగ్ క్లాసా అమ్మా? కీ నేను రాసినా. దాని ప్రకారం దిద్దు. గెస్టుగా వచ్చినావు, గెస్టు మాదిరి ఉండు."

"దిద్దను సార్."

పేపర్లు ఇంకెవరో దిద్దారు. మా సున్నాలు మాకు వచ్చాయి. వేసవి సెలవుల తర్వాత మేడంకి కాలేజీ నుంచి పిలుపు రాలేదు.

చిత్తూరులో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేవారు.

"ఉద్యోగం పోతే పోయింది మే. ఆ లెక్క తప్పని ఒక్క మాట అనినాడా లేదా?"

"లేదు మేడం."

ఈ రోజు పొద్దున పాకాల వెళ్ళాను. మేడంని వాళ్ళ చేలోనే పూడ్చారు.

ఆ చేను నిజంగా ఉంది. ఇన్నాళ్ళూ మా కోసం కల్పించి చెప్పారనుకున్నాను. బోర్డు మీద బొమ్మలాగే ఉంది. ఈ మధ్యే దున్నినట్టున్నారు, ప్రతి సాలూ పట్టాల ముందు ఆగి ఉంది. మట్టి వేస్తుండగా రైలొచ్చింది. అది పోయేదాకా అందరం ఆగాం.

కాలేజీ నుంచి ఒక్కరూ రాలేదు.

తిరిగి వస్తుంటే ఫోన్‌లో హెచ్‌ఓడీ గారి పోస్ట్ కనిపించింది. "మా గణిత కుటుంబానికి తీరని లోటు." కింద వరసగా జోడించిన చేతులు.

కుటుంబమట.

ఇల్లు చేరేసరికి పక్కింటి స్వాతి కూర్చుని ఉంది. ఇప్పుడు అదే కాలేజీలో చదువుతోంది. రేపు ఇంటర్నల్. చేతిలో ఆయన మెటీరియల్, కొత్తగా అచ్చు వేసింది.

"అక్కా, ఈ బొమ్మ మింద అడ్డగీతలు ఏందక్కా? సార్‌ని అడిగితే ప్రింటింగ్‌లో వచ్చినాయి, వదిలేయ్ అనినాడు."

చూశాను.

అదే లెక్క. హద్దులు మార్చారు. జవాబులో x లేదు. పక్కన త్రిభుజం, వాలు గీత మీద చిన్న చిన్న అడ్డగీతలు. అట్ట మీద ఆయన పేరు ఒక్కటే.

అంటే ఆయనకి తెలుసు. తప్పు దిద్దుకున్నారు. బొమ్మ కూడా తీసుకున్నారు. అడుగుతూ అడుగుతూ పోయిన మనిషికి మాత్రం చెప్పలేదు.

స్వాతికి చెప్పాను. అవి ప్రింటింగ్‌లో వచ్చినవి కావు, పాకాల రైలు పట్టాలు. ట్రాక్టర్ అవతలికి పోకుండా సుగుణ మేడం గీశారు. రేపు పరీక్షలో నువ్వు కూడా గియ్యి అన్నాను.

మీలో ఎవరైనా ఆయన పోస్ట్ కింద చేతులు జోడించి ఉంటే, ఒకసారి ఆయన కొత్త మెటీరియల్‌లో ఆ లెక్క ఉన్న పేజీ తెరిచి చూడండి.

మేడం, ఆ లెక్క తప్పని ఆయన ఒప్పుకున్నారు. మీరు వినేలా ఒప్పుకోలేదు, అంతే.

మీ చేలో మీకు నెమ్మది దొరకాలి. పడుకోండి మేడం. రైళ్ళ చప్పుడు మీకు అలవాటే.