బిళ్ళ మీద చివరి అంకె

మా మేనత్త మెడలో ఒక రాగి బిళ్ళ ఉంటుంది. నిజాం కాలం నాటిది. నడుమ చిల్లు, ఆ చిల్లులోంచి నల్లదారం. ఆమెను తొట్టెలలో వేసిన రోజు వాళ్ళ నాయన, అంటే మా తాత, ఆ ఏడు కొట్టిన కొత్త బిళ్ళ తెచ్చి మొలకు కట్టాడట. మా వాళ్ళలో ఆడపిల్లలందరికీ అదే పద్ధతి. చదువులు లేని ఇళ్ళు కదా, పుట్టిన ఏడు ఒంటి మీదే ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. పిల్ల పెద్దదయ్యాక బిళ్ళ మొల నుంచి మెడకు ఎక్కుతుంది. మళ్ళీ దిగేది ఒక్కసారే. మనిషి పోయాక దారం ముడి విప్పి, బిళ్ళ మీది ఏడు పైకి చదివి, ఎన్నేళ్ళు బతికిందో చెప్పి, అప్పుడు పాడె ఎత్తుతారు.

మా నాయనమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ తీస్తూ పక్కకు ఒరిగిపోయింది. బిళ్ళ చదివితే ఎనభయ్యో ఏడని తేలింది. పెద్ద మేనత్త కోహీర్ నుంచి బస్సులో వస్తూ దిగాల్సిన చోట దిగలేదు. ఆమెదీ ఎనభయ్యో ఏడే. ఆ రెండోసారి చదివింది నేనే. అల్లం మండీలో పాత సేట్ల దగ్గర ఉర్దూ అంకెలు నేర్చుకున్న పాపానికి ఆ పని నా మీద పడింది.

మిగిలింది ఈ చిన్న మేనత్త. నా దగ్గరే ఉంటుంది.

నిరుడు ఆమె కడుపులో గడ్డ ఉందని తేలింది. వెంటనే కోసి తీసేయాలి, పగిలితే ఇక తమ చేతుల్లో ఉండదు అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి అత్త చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుంది.

“నేను రాను.”

“ఎందుకు రావత్తా?”

“నాకిది ఎన్నో ఏడో తెల్వది. ఎనబయ్యోది నడుస్తున్నదనుకో, ఆ బల్ల మీద పండుకున్నదాన్ని మళ్ల లేవ. దాటిపోయిందనుకో, కోయమను. ఏడికంటే ఆడికి కోయమను.”

“ఆధార్ కార్డుల ఉన్నది గదా?”

“జనవరి ఒకటి అని రాసిన్రు. మా న్యాల్‌కల్ దిక్కు సగం మందికి గదే రాసిన్రు. అందరం ఒక్క దినమే పుట్టినమా?”

“అయితే బిళ్ళ చూద్దాం.”

ఆమె చెయ్యి చప్పున మెడ మీదికి పోయింది. “బతికున్నోళ్ల బిళ్ళ ఎవ్వలన్న విప్పుతర్రా? అయినా చదివేది నువ్వా? చిరాగ్‌పల్లి కాడ చిరుతపులి లారెక్కి బొంబాయి పోయిందని మండీ అంతా చెప్పినోనివి.”

“పోయిందత్తా. క్లీనర్ సీట్ల కూసున్నది.”

“తూ నీ!”

మర్నాడు పొద్దున ఎండ ఏటవాలుగా గుమ్మంలో పడుతున్నప్పుడు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బిళ్ళ మెడలోనే ఉంది. ఒక మొఖం ఒంటికి రాసుకుని రాసుకుని అద్దమైపోయింది. రెండో మొఖం మీద అంచున ఏవో గీతలు. ఆమె ఊపిరి తీస్తే బిళ్ళ పైకి లేస్తుంది, వదిలితే కిందికి పోతుంది. కాసేపు నా కళ్ళు అంకెల మీద కాక ఆ లేవడం మీదే నిలిచిపోయాయి. ఒకటి. పక్కన మూడు. పక్కన ఆరు. నాలుగోది రెండో, మూడో.

ఉర్దూలో రెండుకూ మూడుకూ కాడ ఒకటే. మూడుకు పైన ఒక పన్ను ఎక్కువ. అంతే తేడా. అది హిజ్రీ ఏడు, మన ఏళ్ళలోకి లెక్క కట్టి చూశాను. రెండైతే ఎనభయ్యో ఏడు దాటిపోయింది. మూడైతే ఇప్పుడు నడుస్తోంది. దారమంత రాగి మీద మనిషి నిలబడి ఉంది.

ఫోన్లో ఫోటో తీసి బజారులో వెండి దుకాణమాయనకు చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“అన్నా, దీనికి ముక్కు లేదు, మొఖం లేదు. ఒక్కటే ఉపాయం. బాగ కాలిన ఇనుము మీద పెట్టు. అచ్చు పడ్డ జాగ వేరే రంగు తిరుగుతది. జర సేపే. తర్వాత అంతా నల్లగైతది. మళ్ల చూద్దామంటే కానరాదు.”

“నిజమేనా?”

“అబద్ధాల దుకాణం నీది, నాది కాదు.”

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె జొన్నరొట్టె కొడుతూనే ఉంది. రొట్టె పెనం మీద వేసిందో లేదో నొప్పి వచ్చింది. వంటగట్టు పట్టుకుని వంగిపోయింది. నుదుటి మీది చెమట పిండిలో చుక్కలుగా పడింది. నొప్పి తగ్గాక నిటారుగా లేచి, దారాన్ని రెండు చేతులతో పట్టి తల మీది నుంచి తీసేసింది.

“ముడి విప్పలే. గది యాదిపెట్టుకో.”

మెడ చుట్టూ దారం ఉన్న చోట తెల్లని గీత. ఆ గీతను అంతకుముందు ఇద్దరి మెడల మీదే చూశాను. ఇద్దరూ పడుకుని ఉన్నారు.

రొట్టె పక్కకు నెట్టి, దారం బయటికి వేలాడేట్టు బిళ్ళను పెనం మీద ఆమే పెట్టింది. పెట్టి గోడ వైపు తిరిగింది. “చూడు.”

రాగి ఎర్రబడింది. అంచు నుంచి ఊదారంగు పాకింది. ఆ ఊదాలో పాలిపోయిన అంకెలు తేలాయి. ఒకటి, మూడు, ఆరు. చివరిది. ఒక పన్ను కనబడింది. దాని పక్కన ఇంకొకటి. అదే వరసలో ఉన్న మూడుకూ దీనికీ ఏమాత్రం తేడా లేదు. అంతలో నలుపు వచ్చి అన్నిటినీ మింగేసింది.

“ఏందిరా?”

రెండు అంటే సరిపోయేది. లారెక్కిన చిరుతకు తడబడని నాలుక ఆ ఒక్క మాటకు ఎండిపోయింది. ఆమె వెనక్కి తిరిగి నా మొఖం చూసింది.

“మూడే గదా.”

“మూడే.”

పీట మీద కూలబడింది. “ఫికర్ చెయ్యకు. ఇంట్లనే పోత. ఆ బల్ల మీద ఎందుకు?”

నా నోట్లోంచి మాట ఊడిపడింది.

“అత్తా, ఆ బిళ్ళ తాత ఏడికెల్లి తెచ్చిండు?”

“బీదర్‌కెల్లి. తళతళ మెరిసేదంట.”

“చింతపండు వేసి తోమితే ఏ రాగి మెరువది? నాయనమ్మ నాతోటి చెప్పింది. తాత బీదర్ అయితే పోయిండు. బజార్ల జిలేబీ వాసన కొట్టింది. కొత్త బిళ్ళకని పట్టుకపోయిన పైసలు పొట్టలకు పోయినయి. ఇంట్ల ఉన్న నిరుటి బిళ్ళనే తోమి కట్టిండు. నువ్వు పుట్టింది బిళ్ళ తర్వాతి ఏడు.”

“అంటే?”

“అంటే నీకు ఎనబయ్యోది ఇంక రాలే. వచ్చే ఏడు వస్తది. కోపిచ్చుకుంటే గిప్పుడే కోపిచ్చుకోవాలె.”

పెనం మీద రొట్టె మాడుతోంది.

“తింటడు,” అంది చివరికి. “మా నాయన జిలేబంటే పానమిస్తడు.” నవ్వింది, నవ్వుకు కడుపు నొచ్చి పట్టుకుంది. “సంచి సర్దు. గీ ముచ్చట ముందుగాల చెప్పద్దారా, పాడైపోయినోడా!”

ఆపరేషన్ గది తలుపు దగ్గర ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. దారం మళ్ళీ తల మీది నుంచి వచ్చి నా గుప్పిట్లో పడింది. తలుపు మూసుకుంది. చివరి అంకె ఉన్న చోట గోటితో గీకుతూ కూర్చున్నాను. అక్కడ చేతికి ఏ పన్నూ తగల్లేదు. లోపల చక్రాల చప్పుడు వినబడినప్పుడల్లా, ముడి విప్పి ఏడు పైకి చదువుతున్న గొంతు వినిపించేది. ఆ గొంతు నాకు తెలుసు, అది నాదే.

అత్త బతికి బయటికి వచ్చింది. కళ్ళు తెరవగానే మెడ తడుముకుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. గడ్డ లేదు, నొప్పి లేదు. బిళ్ళ మాత్రం రెండు వైపులా నల్లబడింది, ఇక ఎవరూ చదవలేరు. మొన్న అన్నం పెడుతూ అడిగింది.

“అల్లుడా, నువ్వు చెప్పిన ఏడు గిదే గదా?”

“అది ఉత్తదే అత్తా. నేనే అల్లిన.”

“ఇప్పుడు అబద్ధమాడుతున్నవు,” అని చారు పోసింది.

ఆ జిలేబీ ముచ్చట మండీలో ఎంతమందికి చెప్పానో. చెప్పి చెప్పి, చింతపండు పులుపుకు పాలిపోయిన తాత వేళ్ళు నాకిప్పుడు కళ్ళముందు కనిపిస్తున్నాయి. నాయనమ్మ నిజంగానే చెప్పిందేమో అనిపిస్తోంది. అది నా కల్పనే అయితే గండం నిరుడే దాటిపోయింది. నిజమైతే ఇప్పుడు నడుస్తోంది.

పొద్దున మెలకువ వచ్చాక లేవను. వంటింట్లో ఆమె రొట్టె కొట్టే చప్పుడు వినబడేదాకా కళ్ళు మూసుకునే ఉంటాను. ఇవాళ ఆ చప్పుడు కొంచెం ఆలస్యమైంది.