మట్టి చేశాకే చెప్పాను

మా పక్కింటి ఆంటీ పోయింది. మంగళవారం పొద్దున్నే హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. "గ్రీస్‌లో వాళ్ళ తమ్ముడికి చెప్పాలిగా అమ్మా?" అన్నాడు మా అబ్బాయి. "చెప్తాను. అంతా అయ్యాక," అన్నాను. శనివారం మట్టి చేశాం. ఆదివారం ఆయనకి ఫోన్ చేశాను. అవతల ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. నన్ను కఠినాత్మురాలు అనుకునే ముందు ఆవిడ గురించి వినండి.

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా రెండిళ్ళ మధ్యా కంచె లేదు. పెళ్ళయి గ్రీస్ నుంచి వచ్చిన ఆంటీ, రిటైరయ్యేదాకా కార్ సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. భర్త పోయాక ఒక్కత్తే ఉండేది. చలి ముదిరే ముందు పెరట్లో అంజూరపు చెట్టుని వంచి, మంచుకి చచ్చిపోకుండా మట్టి కప్పి పడుకోబెట్టేది. నా పప్పు ఎప్పుడు తిన్నా "బాగుంది, నిమ్మకాయేదీ?" అనేది. మా ఆయన మమ్మల్ని వదిలేసి వెళ్ళిన వారం వచ్చి తలుపు కొట్టింది. ఓదారుస్తుందనుకున్నాను. "ఏడుపు తర్వాత. ముందు తాళాలు మార్పించు," అంది. తనే మనిషిని పిలిపించి, పని పూర్తయ్యాక అప్పుడు నన్ను దగ్గరికి తీసుకుంది.

ఆవిడలో మానని పుండు ఒకటే. వాళ్ళమ్మ పోయినప్పుడు తమ్ముడు కబురు చెయ్యలేదు, వస్తే ఇంట్లో వాటా అడుగుతుందని. చుట్టాల ద్వారా తెలిసేసరికి నెల దాటింది. "క్షమించెయ్యండి ఆంటీ," అన్నానొకసారి. "క్షమించడం దేవుడి పని. ఆయన పనిలో నేను వేలు పెట్టను. నేను పోయినప్పుడు వాడికీ ఆలస్యంగానే తెలియాలి. మాటివ్వు," అంది. ఇచ్చాను.

రెండేళ్ళ కిందట, "మా ఊరు చూద్దువుగాని రా," అని తీసుకెళ్ళింది. దీవిలో, కొండ మీద ఊరు. గోడలు రాయి, ఇంటి కప్పులు రాతి పలకలు, నడిచే దారీ రాయే. కారు కింద ఆపేసి మెట్లెక్కాం. ఒక గుమ్మం ముందు, కళ్ళు మసకబారిన ముసలాయన ఎండలో కూర్చుని ఉన్నాడు. తమ్ముడు. అడుగుల చప్పుడు విని ఎవరని అడిగాడు. ఆంటీ నా చెయ్యి నొక్కింది.

"అమెరికా నుంచి వచ్చాం. టూరిస్టులం," అన్నాను.

ఆయన సంబరపడిపోయాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇల్లంతా చూపించాడు. ఆంటీ మాట్లాడకుండా పొయ్యి గూటినీ, గోడలోకి కట్టిన రాతి అరుగునీ తడుముతూ నడిచింది. "మా అమ్మ ఈ మంచం మీదే పోయింది," అన్నాడాయన. "నాకో అక్క ఉంది, మీ అమెరికాలోనే. గర్విష్టి. అమ్మ పోతే రాలేదు."

అప్పుడు నోరు విప్పింది ఆంటీ. వాళ్ళ భాషలో ఒక్క మాట. అర్థం తర్వాత నాకు చెప్పింది: "నువ్వు చెప్పలేదు కాబట్టి రాలేదు." ఆ గొంతు వినగానే ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ బయటికొచ్చేసింది.

మేం దిగుతుంటే వెనక నుంచి ఆయన అక్కని పిలుస్తూనే ఉన్నాడు. నా కాళ్ళు ఆగిపోయాయి. "ఒక్కసారి వెళ్ళి రాకూడదా ఆంటీ?"

"వద్దు. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో వాడికీ తెలియనీ."

మలుపులో పిట్టగోడ మీద కూర్చుని బూట్లు విప్పింది. కింద సముద్రం. పైనుంచి ఆ కేక రాతిగోడలకి తగిలి తగిలి దిగుతోంది. ఆవిడ పాదాలు ఎండలోకి చాపుకుని, కళ్ళు మూసుకుని, అది పూర్తిగా ఆగిపోయేదాకా వింటూ కూర్చుంది.