హారన్ మోగని ఆదివారం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏ సినిమాకూ చివర ఉండేది కాదు.

వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. దమ్మపేట నుంచి ములకలపల్లి వైపు అడవిలోకి పోయే దారిలో, ఒక వాగు దాటాక ఉండేది మా ఊరు. సినిమా చూడాలంటే దమ్మపేటలోని రేకుల టాకీసే దిక్కు. రాత్రి ఆటకు పోతే తిరిగొచ్చే దారి ఎలుగుబంట్లది. అందుకని మాకు మిగిలింది ఆదివారం మధ్యాహ్నపు ఆట ఒక్కటే. పొద్దున చర్చి, మధ్యాహ్నం టాకీసు. చర్చికి కట్టుకున్న ఇస్త్రీ చీరలతోనే ఆడవాళ్లంతా బస్సెక్కేవాళ్లు. ఆట ముగియడానికి పావుగంట ముందు బయట మా ఊరి బస్సు హారన్ మోగేది. అది వినపడిందంటే తెర మీద ఎవరు చస్తున్నా, ఎవరి పెళ్లి అవుతున్నా సరే, మా ఊరి జనమంతా లేచి చీకట్లో చెప్పులు వెతుక్కునేవాళ్లు. ఆ బస్సు పోతే మళ్లీ మర్నాటిదాకా ఇంకో బస్సు లేదు.

కాబట్టి చివరికి ఏమైందన్నది బస్సులో మేమే తేల్చుకునేవాళ్లం. కిరాణా కొట్టు బాబాయి ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, అందరి అభిప్రాయాలూ విని తీర్పు చెప్పేవాడు. వాగు దాటేలోపు తీర్పు అయిపోవాలి. ఒకసారి విలన్ హీరోని స్తంభానికి కట్టేసిన చోట హారన్ మోగింది. ఎలా విడిపించాలో ఆ రోజు బస్సులో ఎంతకీ ఒప్పందం కుదరలేదు. మా ఊరి లెక్కలో ఆ హీరో ఇప్పటికీ స్తంభానికే ఉన్నాడు.

ఇందులో ఎవరికీ నష్టం లేదనే అనుకునేవాళ్లం, ఆ వేసవిలో మా టాకీసుకు ఒక పాత సినిమా వచ్చేదాకా. పేరున్న నవల ఆధారంగా తీసిన సినిమా అది. దాని కోసం ఎదురుచూసిన వాళ్లలో మొదటి మనిషి మా పక్కింటి అక్క. ఆ నవలను ఆమె లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివింది, మళ్లీ తెచ్చుకుని మళ్లీ చదివింది. మా వాడ పిల్లలందరికీ సాయంత్రాలు అరుగు మీద చదువు చెప్పేది ఆమే. నాకు ఎక్కాలు వచ్చాయంటే అది ఆమె మొట్టికాయల చలవే. అంతకు కొద్దిరోజుల ముందే ఆమెకు ఖమ్మంలో టీచర్ ట్రైనింగ్‌కు సీటొచ్చింది. సైకిల్ షాపు నడిపే వాళ్ల నాయన, నేను పెదనాన్న అని పిలిచే ఆయన, ఆ సంతోషంలో వాడంతా బెల్లం పంచాడు.

సినిమా కథ ఇది. ఒక పల్లెటూరి రైతు కూతురు పై చదువుకు పట్నం పోతానంటుంది. ఊరంతా కాదంటుంది. తల్లి అన్నం మానేస్తుంది. చివరికి ఒక పొద్దున ఆ పిల్ల పెట్టె పట్టుకుని రైలెక్కేస్తుంది. తండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తుంటాడు. రైలు కదులుతుంది, ఆయన చూస్తూనే ఉంటాడు, పిల్ల మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు. సరిగ్గా అక్కడ మోగింది హారన్.

ఆ రోజు బస్సులో వాదనే లేకుండా పోయింది. కని పెంచిన తండ్రి వైపు ఒక్కసారైనా చూడని ఆడపిల్లను మా ఊరు ఊరంతా కలిసి తిట్టింది. కాస్త దూరం పోయాక ఆ తండ్రికి అన్నం సహించడం మానేసింది. వాగు దగ్గరికొచ్చేసరికి మావాళ్లు ఆయన్ని చంపేశారు. "సదువు తలకెక్కితే గిట్లనే అయితది" అని బాబాయి తీర్పు చెప్పాడు. అక్క మెల్లగా లేచి నిలబడి, తాను నవల చదివాననీ, చివర అలా ఉండదనీ చెప్పబోయింది. బాబాయి నవ్వేశాడు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెల్వదా బిడ్డా?"

కిటికీ పక్కన కూర్చున్న పెదనాన్న ఇదంతా విన్నాడు. ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా ఒకే మాట అన్నాడు. ఖమ్మం వద్దు. అక్క ఏడ్చింది, బతిమాలింది, పుస్తకంలో చివరి పేజీలు చదివి వినిపిస్తానంది. "పుస్తకంల ఏమున్నదో నాకేం ఎరుక. నేను నా కండ్లతోటి సూసిన గద" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పడం సులువయ్యేదేమో. గోడ ఇవతల నిలబడి అంతా విన్న నాకు, పెదనాన్న మీద, బాబాయి మీద, ఆ హారన్ మీద కూడా పట్టరానంత కోపం వచ్చింది. ఇంకో పది రోజుల్లో అక్క ట్రైనింగ్‌లో చేరాలి.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. మా ఊరి బస్సు నైట్‌హాల్ట్ బస్సు. రాత్రికి మా ఊళ్లోనే ఆగి, పొద్దున్నే తిరిగి బయల్దేరేది. డ్రైవర్ సాబుకూ కండక్టర్‌కూ సాయంత్రం భోజనం మా నాయనమ్మే పెట్టేది. డ్రైవర్ సాబు సత్తుపల్లి మనిషి, గడ్డం నెరిసిన పెద్దాయన, బస్సును సొంత బిడ్డలా చూసుకునేవాడు. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చోగానే ఆయన అడిగాడు, "ఇయాల సినిమా ఎట్లున్నదమ్మా? ఆకరికి ఏమైంది?"

నాయనమ్మ గరిటె అక్కడే ఆపింది. "ఆకరికా? నువ్వు హారన్ కొట్టి లేపితివి గద సాబూ. మమ్మల్నే అడుగుతవేంది?"

ఆయన తెల్లబోయాడు. "నేను మీ కోసమే కొడుతున్నమ్మా. మీకు జల్దీ ఇల్లు చేరాలని ఉంటదని. నాకేం తొందర? ఈ బస్సుకు మీ ఊరోళ్లు తప్ప ఎవరున్నరు? చీకటి పడకముందు వాగు దాటితె చాలు."

నాయనమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇన్నేళ్లూ మేమంతా బస్సు వెళ్లిపోతుందని పరిగెత్తాం. ఆయనేమో మేం తొందరపడుతున్నామని హారన్ కొట్టాడు. ఆ బస్సుకు మేమే జనం, మమ్మల్ని వదిలేసి అది పోయేదెక్కడికి? అడిగిన పాపాన పోయినవాడు లేడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక నాయనమ్మ ఆయనకు ఇంకో గరిటె పులుసు పోసి, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. ఆయన గడ్డం నిమురుకుంటూ తల ఊపాడు. అన్నట్టు, ఆ టాకీసు గుమ్మం దాకా రోజూ వచ్చే ఆయన ఒక్కనాడూ లోపల కాలు పెట్టలేదట.

మర్నాడు ఈ సంగతి అక్కకు చెబితే సంతోషించాల్సింది పోయి ఆమె ముఖం పాలిపోయింది. సినిమావాళ్లు నవలను ఉన్నదున్నట్టు తీయరు. చివర మార్చేసి ఉంటే? బాబాయి చెప్పినట్టే తీసి ఉంటే? అప్పుడు ఉన్న కాస్త ఆశా పోతుంది. నాయనమ్మ ఆమె జడ అల్లుతూ, "మారిస్తే మార్చనీ. సూసినంక ఏడుద్దాం. సూడకముందే ఎందుకు?" అంది. ధైర్యంగానే అంది గానీ, ఆ వారమంతా పొద్దున ప్రార్థనలో ఆమె ఆ సినిమా గురించి దేవుణ్ణి ఏదో అడగడం నేను విన్నాను.

ఆడవాళ్లు విరగబడి చూడడంతో టాకీసువాళ్లు ఆ సినిమాను రెండో వారమూ ఉంచారు. మా వాళ్లు చూసిన సినిమా మళ్లీ చూడడానికి ఎన్నడూ వెనకాడలేదు. కష్టమల్లా పెదనాన్నతోనే. ఆయన రానన్నాడు. "నాకు కండ్లు ఆనుతలెవ్వు కొడుకా. పక్కన కూసొని ఏమైతుందో చెప్పెటోడు కావాలె" అంది నాయనమ్మ, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించగల మా నాయనమ్మ. చిన్నతనంలో ఆమె చేతి ముద్దలు తిన్నవాడు, ఆమె మాట తీసేయలేకపోయాడు.

ఆ ఆదివారం నేను సినిమా చూసిందే లేదు. ఒక పక్క అక్క, చేతులు ఒళ్లో బిగించుకుని. ఇంకో పక్క నాయనమ్మ, ఆమె పక్కన పెదనాన్న. వెనక బెంచీ మీద ఖాకీ బట్టల్లో డ్రైవర్ సాబు. ఇంటర్వెల్ అయ్యాక, హాల్లో దీపాలు ఆర్పాక మెల్లగా వచ్చి కూర్చున్నాడు. ఎవరూ గమనించలేదు. నేను వీళ్లందరి ముఖాలే చూస్తూ కూర్చున్నాను.

రైలు సీను వచ్చింది. అలవాటు చొప్పున మా ఊరివాళ్లు చెప్పుల కోసం కాళ్లతో తడమడం మొదలెట్టారు. రైలు కదిలింది. హారన్ మోగలేదు. బాబాయి లేచి, గుమ్మం వైపు చెవి పెట్టి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. "బస్సు పోయినట్టున్నదిరో!" అన్నాడు. ఒక్కసారిగా జనం లేచారు. పిల్లల ఏడుపులు, బెంచీల చప్పుడు. పెదనాన్న కూడా సగం లేచాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఇటు తిరిగి అందరికీ వినపడేలా అంది, "ఏడికి ఉరుకుతున్నరు? డ్రైవర్ ఈడ కూసుంటే బస్సు ఎట్ల పోతది?"

"కూసోండి భాయ్, తల అడ్డమొస్తుంది" అన్నాడు డ్రైవర్ సాబు వెనక నుంచి.

నవ్వులు, ఈలలు. పక్క ఊళ్లవాళ్లు కూడా నవ్వారు. తెల్లమొహం వేసుకుని బాబాయి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మా ఊరు ఊరంతా ఒక సినిమా చివర చూడడానికి సర్దుకుని కూర్చుంది.

రైలు వెళ్లిపోయాక ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఆ తండ్రి దగ్గరికి స్టేషన్‌లో పనిచేసే మనిషి ఒకడు వస్తాడు. నీ బిడ్డ ఒక్కసారి కూడా తిరిగి చూడలేదేమయ్యా అంటాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. తెర మీది తండ్రి కండువాతో ముఖం తుడుచుకుంటాడు. తిరిగి చూడొద్దని నేనే చెప్పాను, అంటాడు. అది తిరిగి చూస్తే నేను పంపించలేను. టికెట్ కొనిచ్చింది ఆయనే. పెట్టె సర్దింది ఆయనే. రైల్లో ఆ పిల్ల తండ్రి మాట దాటకుండా, ఏడుస్తూ, ముందుకే చూస్తూ కూర్చుని ఉంటుంది. మాకు ఆ పిల్ల ముఖం కనపడింది అప్పుడే.

టాకీసంతా ముక్కులు చీదిన చప్పుడు. నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన ఏడవలేదు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, దీపాలు వెలిగాక కూడా తెల్లటి తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఏమైందయ్యా, నాకు కండ్లు ఆనలే" అంది నాయనమ్మ. ఆయన ఆమె వైపు తిరిగి, "నీకు ఆననిది ఏమున్నదమ్మా" అన్నాడు, మెల్లగా.

బస్సులో మళ్లీ అభిప్రాయాలు మొదలయ్యాయి. అందరూ మారిపోయారని చెబితే అబద్ధమవుతుంది. ఒకావిడ తల్లికి చెప్పకపోవడం తప్పేనంది. డ్రైవర్ సాబు స్టీరింగ్ దగ్గర నుంచే, ఆ తండ్రి వేషం వేసినాయన బస్సెక్కితే జన్మలో టికెట్ అడగనివ్వనన్నాడు. బాబాయి గొంతు సవరించుకోగానే నాయనమ్మ అందుకుంది. "ఉడికిందో లేదో సూడనీకి మెతుకు చాలు. తాళింపు పెట్టకముందే చారు సప్పగున్నదంటివి, అదెట్ల?" బస్సంతా గొల్లుమంది. పాపం, బాబాయి కూడా నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలో పెదనాన్న లేచి నిలబడ్డాడు. సీట్ల పైనున్న కమ్మీ పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, "నా బిడ్డ ఖమ్మం పోతది" అన్నాడు. అంతే అన్నాడు. డ్రైవర్ సాబు హారన్ కొట్టాడు. వాగు దాటేదాకా, దాటాక ఊళ్లోకొచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు. మా ఊరికి ఎమ్మెల్యే వచ్చినప్పుడు కూడా అంత సందడి లేదు. నేను సీటెక్కి గంతులేశాను, ఎవరూ తిట్టలేదు.

అక్క వెళ్లిన పొద్దున వాడంతా బస్సు దగ్గరికి వచ్చింది. పెట్టె సర్దింది పెదనాన్నే. అక్క బస్సెక్కి కిటికీ పక్కన తల వంచుకుని, ఆ సినిమాలో పిల్లలాగే ముందుకు చూస్తూ కూర్చుంది. బస్సు కదలబోతుంటే పెదనాన్న గబగబా కిటికీ దగ్గరికి నడిచాడు. "అదేంది బిడ్డా, గట్ల కూసున్నవ్? ఇటు సూడు. ఆయన గుండె కంటె నా గుండె గట్టిది" అన్నాడు.

అక్క తిరిగి చూసింది. అడవి మలుపులో బస్సు కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉంది. ఆయన చెయ్యెత్తి ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఆమె మా మండలంలోనే టీచరై వచ్చింది. నాకు హైస్కూల్లో పాఠం చెప్పింది, ఆ వెనక నన్నూ అదే ట్రైనింగ్‌కు పంపింది. ఆ ఖమ్మం రోడ్డు మీద మా ఊరి ఆడపిల్లలు ఇంకా పోతూనే ఉన్నారు.

ఇప్పుడు నా మనవడు ఇంటర్వెల్‌లోనే ఫోన్ తీసి సినిమాకు మార్కులేస్తాడు. వాడి చేతిలో ఫోన్ లాక్కుని నా సంచిలో వేసుకుంటాను. దీపాలు వెలిగి, ఊడ్చేవాళ్లు చీపుర్లతో వచ్చేదాకా నేను సీట్లోంచి లేవను. "అయిపోయింది కదా నాయనమ్మా, ఇంకా ఏం చూస్తావ్?" అంటాడు వాడు. పాలిపోయిన ఆ తెర ముందు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న మా పెదనాన్నను చూస్తాను.